పెరటి తోట ప్రణాళిక: వేసవి నుండి వెనుకకు లెక్క

తొలకరి పడిన తరువాత పెరటి తోట వేయడం కష్టమైన పని కాదు. నేల మెత్తబడుతుంది, గాలిలో తేమ ఉంటుంది, విత్తనం వారం లోపే మొలకెత్తుతుంది. సెప్టెంబరు నాటికి పందిరి నిండా బీర, మడుల నిండా తోటకూర, గోంగూర కనిపిస్తాయి. సంక్రాంతి నాటికి టమాటా, వంగ, పాలకూర, చిక్కుడు ఒకేసారి కోతకు వచ్చి, ఇరుగుపొరుగు వారికి పంచిపెట్టవలసినంత దిగుబడి వస్తుంది. ఆపైన తోట క్రమంగా పలచబడుతుంది. శివరాత్రి దాటాక మడులు ఎండనారంభిస్తాయి. రోహిణి కార్తె నాటికి అదే పెరట్లో కరివేపాకు మొక్క తప్ప పచ్చని ఆకు మిగలకపోవడం విస్తరణ సిబ్బందికి పరిచితమైన దృశ్యమే.

ఈ వైఫల్యానికి కారణం సాధారణంగా విత్తన లోపం కాదు, గృహిణి అశ్రద్ధ అంతకన్నా కాదు. తోటను జూన్ నుండి ముందుకు ప్రణాళిక వేయడమే అసలు కారణం. నీరు తక్కువగా, ఎండ ఎక్కువగా, సంతలో కూరగాయల ధర అధికంగా ఉండే మాసాలను ముందుగా లెక్కలోకి తీసుకొని, అక్కడి నుండి వెనుకకు వచ్చి మడులను, విత్తే తేదీలను నిర్ణయించినపుడే పెరటి తోట ఏడాది పొడవునా కుటుంబానికి ఉపయోగపడుతుంది. ఒక సెంటు స్థలాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విధానాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

పోషణ దృష్ట్యా వేసవి ప్రాధాన్యం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ప్రతి వ్యక్తి రోజుకు కనీసం 300 గ్రాముల కూరగాయలు తీసుకోవాలి. ఇందులో 50 గ్రాములు ఆకుకూరలు, 200 గ్రాములు ఇతర కూరగాయలు, 50 గ్రాములు దుంపలు ఉండాలి. గర్భిణులకు ఆకుకూరల పరిమాణం 100 గ్రాములుగా సూచించబడింది. తరువాత వెలువడిన మార్గదర్శకాలు మొత్తం కూరగాయల పరిమాణాన్ని మరింత పెంచాయి.

వాస్తవ స్థితి దీనికి దూరంగా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 సంవత్సరాల మహిళలలో రక్తహీనత దేశవ్యాప్తంగా 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతంగా నమోదైంది. రక్తహీనతకు కారణాలు అనేకం. ఆకుకూరలు ఒక్కటే దానిని నివారించలేవు. అయితే ఇనుము, ఫోలేట్, విటమిన్-ఎ పూర్వపదార్థాలను అందించే ఆహారంలో అతి తక్కువ ఖర్చుతో లభించేవి ఆకుకూరలే. ఆకుకూరల్లోని ఇనుము శరీరానికి పట్టాలంటే అదే భోజనంలో నిమ్మ, ఉసిరి వంటి విటమిన్-సి గల పదార్థం ఉండాలి, భోజనంతో పాటు టీ, కాఫీ తీసుకోరాదు.

జనవరిలో మిగులుగా తిన్న ఆకుకూర మే నెల లోటును పూడ్చదు. విటమిన్-సి వంటి పోషకాలు శరీరంలో దీర్ఘకాలం నిల్వ ఉండవు. కనుక పెరటి తోట విలువను ఏడాది మొత్తం దిగుబడితో గాక, తోట నుండి ఏమీ కోయని రోజులు ఎన్ని అన్నదానితో అంచనా వేయడం సమంజసం. ఆ రోజుల్లో అధిక భాగం మార్చి నుండి జూన్ మధ్యలోనే ఉంటాయి.

వేసవి నీటి లెక్క

వేసవిలో ఎంత మడిని బ్రతికించగలమో నిర్ణయించేది నీరు. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. తాటాకు పందిరి నీడ, గడ్డి ఆచ్ఛాదన కల్పించిన మడికి రోజుకు 5 మి.మీ. చొప్పున లెక్కించినా చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లు కావాలి.

జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం గ్రామీణ ప్రాంతాలలో మనిషికి రోజుకు 55 లీటర్లు. నలుగురు గల కుటుంబానికి 220 లీటర్లు. ఇందులో స్నానానికి, అంట్లు కడగడానికి వాడి వదిలే నీరు సగం అనుకుంటే 110 లీటర్లు. ఈ నీటితో వేసవిలో 22 చదరపు మీటర్ల నేలను మాత్రమే తడపగలం. ఒక సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. అనగా ఒక సెంటు తోటను వేసవిలో పూర్తిగా పచ్చగా ఉంచాలనుకోవడమే పొరపాటు. ఉన్న కొద్ది నీటిని స్థలమంతా పంచితే ఏ మొక్కా నిలవదు. ఎంత భాగాన్ని బ్రతికించాలో, ఎంత భాగానికి విశ్రాంతి ఇవ్వాలో ముందే నిర్ణయించుకోవాలి.

ఈ నీరు తోటకు చేరే తీరు కూడా అంతే ముఖ్యం. బిందె 15 లీటర్లు అనుకుంటే రోజుకు ఆరేడు బిందెల నీరు మోయాలి. మే నెలలో తాగునీటికే దూరం నడిచే ఇంట్లో ఈ అదనపు భారం స్త్రీల మీదే పడుతుంది. తోట ఎండిపోవడానికి ఇది ప్రధాన కారణం. అందువల్ల తోట స్థలం ఎంపికలో మొదటి ప్రమాణం వాలు. స్నానాల గది, అంట్లు తోమే చోటు నుండి నీరు వాలుగా పారి మడులకు చేరే దిశలో తోటను అమర్చితే మోత తప్పుతుంది. మధ్యలో గులకరాళ్ళు, ఇసుక నింపిన చిన్న గుంత ఏర్పరచి, దాని అంచున మెట్టతామర నాటితే నురగ, మడ్డి తగ్గుతాయి. బట్టలు ఉతికిన నీటిలో సోడియం అధికంగా ఉండి నేల గుల్లదనాన్ని చెడగొడుతుంది కనుక దానిని తోటకు మళ్ళించరాదు. వాడిన నీటిని ఆకులపై చల్లకుండా బోదెల ద్వారా వేరు భాగానికే అందించాలి. పచ్చిగా తినే కొత్తిమీర, ముళ్ళంగి వంటి వాటికి మంచి నీటినే వాడాలి.

ఒక సెంటు తోట అమరిక

8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల స్థలాన్ని తీసుకుందాం. ఉత్తరపు అంచున ఒక మీటరు వెడల్పున 8 చదరపు మీటర్ల పట్టీని బహువార్షిక మొక్కలకు కేటాయించాలి. ఎత్తుగా పెరిగే మొక్కలు ఉత్తరాన ఉంటే శీతాకాలంలో వాటి నీడ కూరగాయల మడులపై పడదు. పట్టీ తరువాత అర మీటరు బాట. మిగిలిన భాగంలో ఒక మీటరు వెడల్పు, మూడున్నర మీటర్ల పొడవు గల ఆరు మడులు, వాటి నడుమ 40 సెం.మీ. బాటలు సరిగ్గా సరిపోతాయి. ఒక్కొక్క మడి మూడున్నర చదరపు మీటర్లు. మడి వెడల్పు ఒక మీటరు మించకుండా ఉంటే ఇరువైపుల నుండి చేయి అందుతుంది, మడిని తొక్కవలసిన అవసరం రాదు.

పట్టీ, ఆరు మడులు కలిపి సాగు విస్తీర్ణం 29 చదరపు మీటర్లు. వేసవిలో పట్టీని, మూడు మడులను మాత్రమే ఉంచితే విస్తీర్ణం 18.5 చదరపు మీటర్లు, నీటి అవసరం రోజుకు సుమారు 92 లీటర్లు. ఇది పై లెక్కలో లభించే 110 లీటర్లకు లోబడి ఉంటుంది.

ఆకుకూరల అవసరాన్ని కూడా ఇదే విధంగా లెక్కించవచ్చు. మనిషికి 50 గ్రాముల చొప్పున నలుగురికి రోజుకు 200 గ్రాములు, నెలకు 6 కిలోలు. తోటకూర హెక్టారుకు 10 టన్నుల దిగుబడి అంటే చదరపు మీటరుకు ఒక కిలో. పంటకాలం 25 నుండి 30 రోజులు. కనుక 7 చదరపు మీటర్లు గల రెండు మడులను ఎల్లవేళలా ఆకుకూరలకే ఉంచితే నెలకు 7 కిలోలు లభించి అవసరం తీరుతుంది. మడి మొత్తాన్ని ఒకేసారి విత్తక, సగం సగంగా వారం, పది రోజుల వ్యవధిలో విత్తుకుంటే కోత వరుసగా వస్తుంది. ఇతర కూరగాయల అవసరాన్ని ఈ స్థలం కొంత మేరకే తీర్చగలదు. ఈ విషయాన్ని శిక్షణలో దాచకుండా చెప్పడం మంచిది.

బహువార్షిక మొక్కలు: తోటకు ఆధారం

వేసవిలో కొత్తగా విత్తి పెంచడం కన్నా, అప్పటికే వేరు లోతుకు దిగిన మొక్క నుండి కోయడం సులభం. అందుకే ఉత్తరపు పట్టీ ఈ ప్రణాళికకు వెన్నెముక.

మునగ ఒక్కటి చాలు. పి.కె.ఎం.-1 రకాన్ని విత్తనం ద్వారా పెంచి, మొక్క 75 సెం.మీ. ఎత్తుకు రాగానే తల తుంచాలి. పక్క కొమ్మలు వచ్చి ఆకు చేతికందే ఎత్తులో ఉంటుంది. ఆషాఢంలో మునగాకు తినే ఆచారం తెలుగునాట ఉన్నదే. అయితే ఆకు అవసరం ఎక్కువగా ఉండేది అంతకు ముందు వచ్చే చైత్ర వైశాఖాలలో. వర్షాకాలంలో గొంగళి పురుగులు ఆశిస్తాయన్న కారణంతో చెట్టునే తొలగించే అలవాటును మాన్పించాలి. పురుగులు కాండంపై గుంపుగా చేరినపుడు తుడిచి నాశనం చేస్తే సరిపోతుంది.

దొండను మూడు, నాలుగు కణుపులు గల తీగ ముక్కలతో జూన్, జూలైలలో నాటాలి. కాయ కాసే ఆడ మొక్క నుండే ముక్కలు తీసుకోవాలి. చలికాలంలో పెరుగుదల మందగించినా, తీగ కత్తిరించి ఎరువు వేస్తే ఎండలు ముదిరే కొద్దీ కాపు పుంజుకుంటుంది. దొండ పందిరి కింద చల్లదనంలో తీగబచ్చలి బాగా పెరుగుతుంది. బచ్చలి వేడిని తట్టుకుంటుంది, కొమ్మ ముక్కతో వస్తుంది, కోసిన కొద్దీ చిగురిస్తుంది. నీరు చేరే మొదటి చోట పొన్నగంటి, చేమ నాటాలి. బొప్పాయిని మాత్రం నీరు నిలిచే చోటికి దూరంగా, కొద్దిగా ఎత్తైన కట్టపై నాటకపోతే మొదలు కుళ్ళి పడిపోతుంది. కరివేపాకు, స్థలాన్ని బట్టి నిమ్మ ఈ పట్టీని పూర్తి చేస్తాయి.

మూడు విత్తే కాలాలు

మొదటిది, అత్యంత ముఖ్యమైనది జనవరి. వేసవిలో తినే పంట జనవరిలోనే నేలలో పడాలి. బెండను జనవరి రెండవ పక్షంలో విత్తితే మార్చి నుండి కాపునిస్తుంది. ఆలస్యమైన కొద్దీ తెల్లదోమ ఉధృతి పెరిగి శంఖు రోగం అధికమవుతుంది. సొర, బీర, దోస, కాకర వంటి తీగజాతులలో పగటి పొడవు, ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ మగపూలు అధికమై ఆడపూలు తగ్గుతాయి. ఫిబ్రవరి చివరలో విత్తిన పాదు ఏపుగా పాకినా కాయ పట్టకపోవడానికి ఇది ఒక కారణం. దురదృష్టవశాత్తు ఈ విత్తే సమయం పండుగ పనులు, వరికోతలు, రబీ పనుల నడుమ పడుతుంది. విత్తనం ఇంట్లో సిద్ధంగా లేనందువల్ల అదను తప్పడం సర్వసాధారణం.

రెండవది జూన్. మృగశిర కార్తె, అనగా జూన్ 7, 8 తేదీల నుండి వర్షాన్ని బట్టి గోరుచిక్కుడు, బెండ, గోంగూర, తోటకూర, తీగజాతులు విత్తుకోవాలి. గోరుచిక్కుడులో పూసా నవబహార్, వంగలో భాగ్యమతి, బెండలో అర్క అనామిక పెరటికి అనువైన సూటి రకాలు. కంచెపై పాకించే తీగ చిక్కుడును జూలైలో విత్తాలి. పగటి పొడవు తగ్గిన తరువాతనే ఇది పూతకు వస్తుంది కనుక వేసవిలో విత్తినా ముందుగా కాయదు. నీరు నిలిచే నేలల్లో మడులను 15 సెం.మీ. ఎత్తు చేయాలి.

మూడవది అక్టోబరు. సెప్టెంబరు చివర వచ్చే హస్త కార్తెలో టమాటా నారు పోసి అక్టోబరులో నాటితే కాపు చల్లని నెలల్లో వస్తుంది. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వేడిగా ఉన్నపుడు టమాటా పుప్పొడి జీవశక్తి కోల్పోయి పూత రాలిపోతుంది. పాలకూర, మెంతి, కొత్తిమీర, చుక్కకూర, ముళ్ళంగి, క్యారెట్ ఈ కాలపు పంటలు. కొత్తిమీర, పాలకూర ఎండలు ముదిరితే త్వరగా పూతకు వచ్చి ఆకు తగ్గిపోతుంది. ముళ్ళంగిలో పూసా చేతకి వేడిని కొంత తట్టుకొనే రకం.

ఆరు మడుల వార్షిక క్రమాన్ని ఈ క్రింది విధంగా పాటించవచ్చు.

1, 2 మడులు: ఏడాది పొడవునా ఆకుకూరలు. జూన్ నుండి తోటకూర, గోంగూర. అక్టోబరు నుండి పాలకూర, మెంతి, చుక్కకూర, కొత్తిమీర. మార్చి నుండి నీడ పందిరి కింద తోటకూర, గోంగూర.

3వ మడి: జూన్‌లో గోరుచిక్కుడు, అక్టోబరులో ముళ్ళంగి, జనవరిలో బెండ. వేసవిలో సాగులో ఉండే మూడవ మడి ఇదే.

4వ మడి: జూలైలో నాటిన వంగ ఫిబ్రవరి వరకు. ఆపైన విశ్రాంతి.

5వ మడి: జూన్‌లో బెండ, అక్టోబరులో టమాటా. మార్చి నుండి విశ్రాంతి.

6వ మడి: జూన్‌లో జనుము విత్తి 45 రోజులకు మట్టిలో కలిపి, ఆగస్టు చివర మిరప నారు. మార్చి నుండి విశ్రాంతి.

విశ్రాంతి అంటే వదిలివేయడం కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఈ మడులను ఒకసారి బాగా తడిపి, పారదర్శకమైన పలుచని పాలిథీన్ షీటు పరచి, అంచులు మట్టితో మూసి 4 నుండి 6 వారాలు ఉంచితే సూర్యరశ్మి వేడికి కలుపు విత్తనాలు, నులిపురుగులు, నేలలోని శిలీంధ్రాలు చాలావరకు నశిస్తాయి. ఆ తరువాత చదరపు మీటరుకు 2 నుండి 2.5 కిలోల చివికిన పశువుల ఎరువు వేసి తొలకరికి సిద్ధం చేయాలి. మరుసటి ఏడు 1, 2, 3 మడులను 4, 5, 6 మడులతో మార్చుకుంటే వంగ కుటుంబపు పంటలు అదే నేలలో వెంటనే తిరిగి రావు.

ఈ తేదీలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. నెల్లూరు, తిరుపతి ప్రాంతాలలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన వర్షాలు అధికం కనుక శీతాకాలపు విత్తనాన్ని భారీ వర్షాలు తగ్గాక వేయాలి. పాడేరు, అరకు వంటి ఎత్తైన ప్రాంతాలలో చల్లని కాలం దీర్ఘం కావడం వల్ల క్యాబేజీ, క్యారెట్ వంటివి మరికొన్ని వారాలు కొనసాగించవచ్చు.

మిగులును వేసవికి మళ్ళించడం

శీతాకాలపు మిగులును నిల్వ చేయడం ప్రణాళికలో భాగం కావాలి. గుమ్మడి, బూడిదగుమ్మడి, కంద గాలి తగిలే నీడలో నెలల తరబడి, పచ్చదోస కొన్ని వారాల పాటు నిల్వ ఉంటాయి. వంగ, కాకర, దోస ఒరుగులు, బూడిదగుమ్మడి వడియాలు పూర్వం నుండి ఇళ్ళలో ఉన్నవే. ఎండలో ఆరబెట్టినపుడు విటమిన్-సి, బీటా కెరోటిన్ నష్టపోతాయి. కనుక మునగాకు, కరివేపాకు వంటి వాటిని నీడలో ఆరబెట్టి, పొడి చేసి, గాలి చొరని డబ్బాలో ఉంచాలి. ఒరుగులు తాజా ఆకుకూరకు ప్రత్యామ్నాయం కావు, దానికి తోడు మాత్రమే.

సస్యరక్షణ

ఇంటి ముంగిట పెరిగే పంటపై రసాయన మందులు వాడరాదు. ఈరోజు పిచికారీ చేసి రేపు కోసే అలవాటు ఉన్న చోట కోత విరామ కాలం పాటించడం సాధ్యం కాదు. రసం పీల్చే పురుగులకు లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి చొప్పున రాత్రి నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. శంఖు రోగం సోకిన బెండ మొక్కలను తొలిదశలోనే పీకివేయాలి. తీగజాతుల్లో పండు ఈగ నివారణకు పిందె దశలోనే కాగితపు సంచి తొడిగి, రాలిన కాయలను లోతుగా పూడ్చాలి. తేనెటీగలు తక్కువగా ఉన్న చోట చేతితో పరాగ సంపర్కం చేయవచ్చు. బీర, సొర, పొట్ల పూలు సాయంత్రం, కాకర, దోస, గుమ్మడి పూలు ఉదయం విచ్చుకుంటాయి కనుక ఆయా వేళల్లోనే మగపువ్వును ఆడపువ్వుకు తాకించాలి.

విస్తరణ కార్యక్రమాలకు సూచనలు

2018లో పోషణ్ అభియాన్ ప్రారంభమైన తరువాత అంగన్‌వాడీలలో, ఇళ్ళలో పోషక తోటలకు ప్రోత్సాహం పెరిగింది. పోషణ మాసంగా జరుపుకునే సెప్టెంబరు, తోట సహజంగానే ఉచ్ఛస్థితిలో ఉండే నెల. ఆ నెలలో చూసిన తోటను బట్టి కార్యక్రమ ఫలితాన్ని నిర్ధారిస్తే వేసవి లోటు కనిపించదు. ఈ నేపథ్యంలో క్రింది అంశాలు పరిశీలించదగినవి.

విత్తన సంచులను జూన్‌లో ఒక్కసారే ఇవ్వక, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో మూడు విడతలుగా ఇవ్వాలి. డిసెంబరు విడత పండుగకు ముందే ఇంటికి చేరాలి. విత్తనంతో పాటు తొలి ఏడాది మునగ, కరివేపాకు మొక్కలు, దొండ, బచ్చలి, పొన్నగంటి ముక్కలు అందించాలి. వీటిని గ్రామంలోని పాత తోటల నుండే సేకరించవచ్చు. సూటి రకాలనే ఎంచుకుంటే తోటకూర, గోంగూర, సొర విత్తనాన్ని గృహిణులే కట్టుకోగలరు.

తోట ఎంపిక సమయంలోనే వాడిన నీరు ఎటు పారుతుందో, వేసవిలో ఎన్ని లీటర్లు లభిస్తుందో నమోదు చేసి, దానిని బట్టి వేసవి మడుల సంఖ్యను నిర్ణయించాలి. నీరు లేని ఇంటికి ఆరు మడుల తోటను సూచించడం కన్నా ఒక మునగ, ఒక దొండ పాదు, ఒక బచ్చలి మడిని సూచించడం ఉపయోగకరం.

మూల్యాంకనంలో కిలోల దిగుబడితో పాటు, నెలలో ఎన్ని రోజులు తోట నుండి కోసి వండారన్నది కొలవాలి. వంటగది గోడపై వేలాడే క్యాలెండరులో కోసిన రోజున ఒక గీత పెట్టడం చదువు రాని గృహిణికి కూడా సాధ్యమే. పరిశోధక విద్యార్థులకు పన్నెండు నెలల ఈ గీతలు ఒక్క సెప్టెంబరు సర్వే కన్నా విశ్వసనీయమైన సమాచారాన్ని ఇస్తాయి.

ముగింపు

పెరటి తోటలో వర్షాకాలం, శీతాకాలం చాలావరకు తమంత తామే గడుస్తాయి. ప్రణాళిక అవసరమయ్యేది వేసవికే. లభించే నీటిని ముందుగా లెక్కించి, దానికి తగిన మూడు మడులను, వేరూనిన బహువార్షికాలను, జనవరి విత్తనాన్ని సిద్ధం చేసుకున్న ఇంట్లో రోహిణి కార్తెలో కూడా రోజుకు గుప్పెడు ఆకు దొరుకుతుంది. పెరటి తోట సఫలమైందా లేదా అన్న ప్రశ్నకు సమాధానం వెదకవలసినది మే నెలలో, ఆ ఇంటి పొయ్యి మీద ఉన్న గిన్నెలోనే.